నల్లబడ్డ ప్లగ్గు: పిన్ని స్కూటర్ కార్బురేటర్ డైరీ

ఆదివారం, బండి నా దగ్గరికొచ్చింది

2009 నాటి 125 సీసీ ఫోర్‌స్ట్రోక్ గేర్‌లెస్ స్కూటర్. ఏ కంపెనీదన్నది ఇక్కడ ముఖ్యం కాదు. సీవీ కార్బురేటర్ (గాలిలో పెట్రోలు కలిపి ఇంజన్‌కిచ్చే భాగం, పిస్టన్ వ్యాక్యూమ్‌తో లేచే రకం), కరెంటుతో పనిచేసే ఆటోచోక్ (చల్లటి ఇంజన్‌కి తనంతట తానే అదనపు పెట్రోలు ఇచ్చేది), వ్యాక్యూమ్ పెట్రోల్ కాక్ (ఇంజన్ తిరిగితేనే పెట్రోలు వదిలే కుళాయి), ఈ మూడూ ఉన్న ఏ బండికైనా ఇందులో రాసేవి పనికొస్తాయి. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్త పెట్రోలు స్కూటర్లు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారిపోయాయి. ఇక కార్బురేటర్ బళ్ళని బాగుచేసుకునే పని మన చేతుల్లోనే ఉంది. అందుకే ఇంత వివరంగా రాసుకుంటున్నా.

బండి మా పిన్నిది. ఇల్లు కడియంలో, ఆవిడ పాఠం చెప్పే స్కూలు అక్కడికి ఐదు కిలోమీటర్ల లోపే. కొన్నప్పట్నుంచీ ఆవిడ చేతిలోనే ఉంది, మీటర్ మీద 46 వేలు దాటింది. ఒకప్పుడు లీటరుకి 45 ఇచ్చిన బండి ఇప్పుడు 28 దాటట్లేదు. సైలెన్సర్ మూతిలో వేలు పెడితే మెత్తటి నల్ల మసి. సిగ్నల్ దగ్గర ఆగితే పెట్రోలు వాసన కళ్ళకి తగిలేంత ఘాటుగా ఉంటోంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు సెల్ఫ్ కొట్టగానే అందుకుంటుంది. వేడి మీద ఆపి పది నిమిషాల తర్వాత మళ్ళీ తియ్యబోతే మాత్రం యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పిపట్టి దంచాలి.

ఈ చివరి రెండు లక్షణాలూ కలిసి ఉన్నాయంటే పెట్రోలు ఎక్కువవుతోందనే అర్థం. చల్లటి ఇంజన్‌కి రిచ్ మిక్చర్, అంటే గాలిలో పెట్రోలు పాలు ఎక్కువున్న మిశ్రమం, కావాలి కాబట్టి దానికి అది సుఖంగా ఉంటుంది. వేడి ఇంజన్‌కి అదే భారం. గాలి ఎక్కువై లీన్‌గా నడిచే బండి సరిగ్గా ఇందుకు తిరగబడి ఉంటుంది: పొద్దున్న మొరాయిస్తుంది, వేడెక్కాక దారికొస్తుంది.

పిన్ని ఇంకో మాట చెప్పింది. "ఒరే, కాకినాడ పెళ్ళికెళ్ళొచ్చిన రోజు మాత్రం బాగానే ఇచ్చిందిరా. మళ్ళీ స్కూలుకి తిప్పడం మొదలెట్టేసరికి మామూలే." దీన్ని డైరీలో ఎర్ర పెన్నుతో రాసి కింద గీత గీశాను. ఐదు కిలోమీటర్లు తిరిగితే పాడుగా, అరవై కిలోమీటర్లు తిరిగితే బాగా నడిచే బండిలో అరిగిపోయిన భాగం కన్నా, వేడిని బట్టి మారే భాగాన్నే ముందు అనుమానించాలి.

ఇప్పటిదాకా బయట జరిగిన వైద్యం ఇదీ: ప్లగ్గు మార్చారు, ఫ్లోట్ పిన్ను మార్చారు, కార్బురేటర్ విప్పి కడిగారు, ఆ పైన ట్యూనింగ్ చేశారు. ప్రతిసారీ నాలుగు రోజులు బాగుండి మళ్ళీ మొదటికొచ్చింది. కొత్త ప్లగ్గు వేస్తే ఏ రిచ్ బండైనా నాలుగు రోజులు బాగానే ఉంటుంది, మసి పట్టేదాకా.

అదే రోజు సాయంత్రం, ఏదీ తిప్పకముందు

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు బండి ఉన్నదున్నట్టు రాసిపెట్టుకోవాలి. ఇది నాకు పట్టింపు. స్క్రూ అరచుట్టు తిరిగాక పాత స్థితి ఏమిటో ఇక ఎవరూ చెప్పలేరు.

ప్లగ్గు తీశాను. ఇన్సులేటర్ పింగాణీ మీద, చుట్టూ ఉన్న లోహపు అంచు మీద, చివర ఎలక్ట్రోడ్ మీద అంతా ఒకేలా పొడి మసి. గోరుతో గీస్తే పొడిలా రాలింది, వేలికి అంటింది గానీ జిడ్డు లేదు. ఇది చూడటం తప్పనిసరి. తడిగా మెరుస్తూ జిడ్డుగా ఉంటే ఇంజన్ ఆయిల్ కాలుతోందని, అంటే పిస్టన్ రింగులో వాల్వ్ సీళ్ళో చూసుకోవాలని. పొడిగా, మెత్తగా, వెల్వెట్ గుడ్డలా ఉంటే సరిగా కాలని పెట్రోలు. మనది రెండోది.

ఆయిల్ డిప్‌స్టిక్ తీసి వాసన చూశాను. పెట్రోలు వాసన స్పష్టంగా కొడుతోంది, ఆయిల్ కూడా నీళ్ళలా పలచబడింది. రిచ్‌గా నడిచే బండిలో మైలేజీ పోవడం కన్నా పెద్ద నష్టం ఇదే. కాలని పెట్రోలు సిలిండర్ గోడల మీదున్న ఆయిల్ పొరని కడిగేసి కిందికి దిగుతుంది. ఇలా వదిలేస్తే రింగులూ, బోరూ అరిగి నిజంగానే ఇంజన్ పని పడుతుంది. కార్బురేటర్ తేలాక ఆయిల్ మార్చి తీరాలని రాసుకున్నా. ముందే మారిస్తే కొత్త ఆయిల్ కూడా ఇలాగే అవుతుంది.

ఇంజన్ బాగా వేడెక్కాక ఎయిర్ ఫిల్టర్ మూత తీసి చూశాను. స్లో (యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు ఇంజన్ తిరిగే వేగం) ముందు గునుస్తూ, ధబధబమంటూ నడుస్తున్నది మూత తీయగానే కాస్త తేరుకుంది. గాలి పెరిగితే కుదుటపడిందంటే రిచ్ అన్నది ఖాయం. ఇక అది ఎక్కణ్ణుంచి వస్తోందో చూడాలి.

కొత్త పెట్రోలు మాట

పిన్ని వాళ్ళ స్టాఫ్ రూములో అందరూ దీన్ని ఇథనాల్ మీదికి తోశారట. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరి నుంచి బంకుల్లోకి రావడం మొదలైంది, కాబట్టి అనుమానం రావడం సహజమే. కానీ లెక్క దీన్ని ఒప్పుకోదు. మామూలు పెట్రోలు ఒక పాలు పూర్తిగా కాలడానికి బరువులో 14.7 పాళ్ళ గాలి కావాలి. ఇథనాల్‌కి 9 చాలు, ఎందుకంటే అందులోనే ఆక్సిజన్ ఉంది. 20 శాతం కలిపితే ఆ అంకె 13.5 దగ్గరికి దిగుతుంది. జెట్లు (పెట్రోలు వచ్చే సన్న రంధ్రాలున్న ఇత్తడి ముక్కలు) పాతవే, గాలీ పాతదే, అవసరమైన గాలి మాత్రం తగ్గింది. అంటే బండి కాస్త లీన్ వైపు జరగాలి గానీ రిచ్ వైపు కాదు. ఇథనాల్ ప్లగ్గుని నల్లబరచదు.

మైలేజీ కొంత తగ్గిస్తుంది, అది నిజమే. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కన్నా మూడో వంతు తక్కువ కాబట్టి, 20 శాతం మిశ్రమంలో 6, 7 శాతం తగ్గుదల ఉంటుంది. 45 ఇచ్చే బండి 42కి రావచ్చు, 28కి రాదు. పాత రబ్బరు ఓరింగులు, పైపులు ఇథనాల్‌కి ఉబ్బడం, గట్టిపడడం మాత్రం పట్టించుకోవాల్సిన విషయం. వాటిని విప్పినప్పుడు చూస్తా.

మంగళవారం, విప్పకుండా చూడగలిగినవి

కార్బురేటర్ విప్పడం చివరి పని. బయట నుంచే కొట్టేయగలిగిన అనుమానాలు చాలా ఉన్నాయి.

ఎయిర్ ఫిల్టర్: కాగితం ఫిల్టరే, కంపెనీలోనే నూనె పట్టించి ఇచ్చే రకం. కడియం రోడ్ల మీద నర్సరీ లారీలు లేపే ఎర్రమట్టి అంతా దీంట్లోనే ఉంది. ఈ రకాన్ని గాలి కొట్టి శుభ్రం చెయ్యకూడదు, నూనెపొర పోతుంది. కొత్తది వేశాను. స్లో మారలేదు, వాసన తగ్గలేదు. ఇది మూలం కాదు.

వ్యాక్యూమ్ పెట్రోల్ కాక్: దీన్ని చాలామంది వదిలేస్తారు. ఇంజన్ తిరుగుతున్నప్పుడు మ్యానిఫోల్డ్‌లో (కార్బురేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య గొట్టంలో) పుట్టే వ్యాక్యూమ్ ఒక సన్న పైపు గుండా వచ్చి కాక్‌లో ఉన్న రబ్బరు డయాఫ్రమ్‌ని లాగితే పెట్రోలు వదులుతుంది. ఇంజన్ ఆగితే మూసుకుంటుంది. ఆ డయాఫ్రమ్‌కి చిల్లు పడితే పెట్రోలు ఆ సన్న పైపులోంచే నేరుగా మ్యానిఫోల్డ్‌లోకి కారుతుంది. ఇక కార్బురేటర్‌ని ఎన్నిసార్లు కడిగినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే ఆ పెట్రోలు కార్బురేటర్ లోంచి రావట్లేదు కదా. వ్యాక్యూమ్ పైపు మ్యానిఫోల్డ్ దగ్గర ఊడదీసి, తెల్లకాగితం మీద విదిలించాను. ఒక్క చుక్క లేదు. తర్వాత 50 మి.లీ. సిరంజి తగిలించి లాగితే పెట్రోలు ధారగా వచ్చింది, వదిలితే ఆగింది, రాత్రంతా వదిలేసినా కారలేదు. కాక్ బాగుంది.

ఫ్లోట్ లెవెల్: కార్బురేటర్ అడుగున పెట్రోలు నిలిచే గిన్నెలో ఉండే ఫ్లోట్ అంటే మేడమీద నీళ్ళ ట్యాంకులో ఉండే బంతి వాల్వ్ లాంటిదే. పెట్రోలు నిండితే తేలి సూదిని (ఫ్లోట్ పిన్నుని) పైకి నెట్టి దారి మూస్తుంది. సూది సరిగా కూర్చోకపోయినా, ఫ్లోట్‌లోకి పెట్రోలు దిగి బరువెక్కినా లెవెల్ పెరుగుతుంది. లెవెల్ పెరిగితే స్లో నుంచి ఫుల్ దాకా అన్నిచోట్లా రిచ్ అవుతుంది. దీన్ని చూడటానికీ విప్పనక్కర్లేదు. గిన్నె అడుగున డ్రెయిన్ మూతికి పారదర్శకమైన ప్లాస్టిక్ పైపు తగిలించి, దాన్ని పైకి వంచి కార్బురేటర్ పక్కనే నిలబెట్టి, డ్రెయిన్ స్క్రూ వదులు చేస్తే గిన్నెలో ఎంత ఎత్తుందో పైపులో అంతే కనిపిస్తుంది. ఇంజన్ నడుస్తుండగా చూశాను. గిన్నె, బాడీ కలిసే అతుకు కన్నా కొంచెం కిందే నిలకడగా ఉంది. యాక్సిలరేటర్ ఇచ్చినా, వదిలినా మళ్ళీ అక్కడికే వస్తోంది.

కాబట్టి బయట మార్చిన ఫ్లోట్ పిన్ను అవసరం లేని ఖర్చు. పెట్రోల్ ఓవర్ అవుతోందనగానే ఫ్లోట్ పిన్ను మార్చేయడం మన దగ్గర అలవాటు. పైపు పెట్టి చూడటానికి ఐదు నిమిషాలు పట్టదు.

గురువారం, ఏ చోట రిచ్?

కార్బురేటర్ ఒకటే అయినా లోపల పెట్రోలు దారులు చాలా. స్లోలోనూ, యాక్సిలరేటర్ పావు వంతు దాకానూ స్లో జెట్, మిక్చర్ స్క్రూ పాలిస్తాయి. అక్కణ్ణుంచి ముప్పావు దాకా నీడిల్, దాని చుట్టూ ఉండే నీడిల్ జెట్. ఆ పైన మెయిన్ జెట్. కాబట్టి బండి ఎంత యాక్సిలరేటర్ దగ్గర ఇబ్బంది పడుతోందో తెలిస్తే సగం వెతుకులాట తప్పుతుంది. గ్రిప్ మీద తెల్ల టేపు అతికించి పావు, సగం, ముప్పావు గీతలు పెట్టుకుని కాలవగట్టు మీద నడిపాను.

సీవీ కార్బురేటర్‌తో ఒక చిక్కుంది. మన చెయ్యి తిప్పేది గాలిదారిలో ఉన్న బటర్‌ఫ్లై పలకని మాత్రమే. నీడిల్‌ని మోసే పిస్టన్ స్లైడ్ వ్యాక్యూమ్‌ని బట్టి తనంతట తాను లేస్తుంది. అందుకని గీతలు ఖచ్చితమైన కొలత కావు, ఒక దిక్కు చూపిస్తాయంతే.

చూసింది ఇదీ: స్లోలో చాలా రిచ్. పావు దగ్గర మిస్సింగ్, గులగులమంటూ లాగుతోంది. సగం నుంచి పైకి బాగానే సాగుతోంది గానీ ఎక్కడో చిన్న బరువుంది. అంటే జబ్బు ముఖ్యంగా కిందిభాగంలో ఉంది. ఫ్లోట్ అయితే అన్నిచోట్లా సమంగా కనపడాలి. మెయిన్ జెట్ అయితే పైన కనపడాలి. స్లో దగ్గర ఎక్కువగా, పైకి పోయేకొద్దీ తక్కువగా, పైగా ఎక్కువ దూరం నడిపితే తగ్గుతూ ఉండేది ఒక్కటే: ఆటోచోక్.

శనివారం, ఆటోచోక్ దగ్గర

పాత బళ్ళలో చోక్ అంటే గాలిదారిని మూసే పలక. దీంట్లో పలక లేదు. కార్బురేటర్ పక్కన బొటనవేలంత నల్ల డబ్బా ఉంటుంది, రెండు వైర్లు వస్తాయి. డబ్బా లోపల మైనం నింపిన గుళిక, దాన్ని వేడిచేసే చిన్న హీటర్. గుళిక కింద ఒక ప్లంజర్, దాని కొసకి సూది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ప్లంజర్ పైకి ఉండి ఒక అదనపు దారి తెరిచి ఉంచుతుంది. ఆ దారిలోంచి మామూలు మిక్చర్ కాక ఎక్కువ పెట్రోలు, కొంత గాలి ఇంజన్‌లోకి పోతాయి. ఇంజన్ తిరగడం మొదలవగానే ఆల్టర్నేటర్ కరెంటు హీటర్‌కి అందుతుంది. మైనం కరిగి వ్యాకోచించి ప్లంజర్‌ని కిందికి నెడుతుంది, కొద్ది నిమిషాల్లో ఆ దారి మూసుకుంటుంది.

ఈ ఏర్పాటులో గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. కరెంటు అందకపోతే దారి తెరిచే ఉంటుంది. హీటర్ కాలిపోయినా, వైరు తెగినా, కనెక్టర్ తుప్పు పట్టినా ఫలితం ఒకటే: బండి రోజంతా చోక్ మీదే నడుస్తుంది. ఇంజన్ వేడి కార్బురేటర్ బాడీ గుండా మెల్లగా పాకి మైనాన్ని కొంత కరిగిస్తుంది గానీ దానికి చాలా దూరం నడవాలి. కాకినాడ రోజు జరిగింది అదే. స్కూలు దూరానికి అది ఎప్పటికీ జరగదు.

ముందు డబ్బానే పరీక్షించాను. రెండు చిన్న స్క్రూలు విప్పితే బయటికొచ్చింది. మల్టీమీటర్‌తో రెండు వైర్ల మధ్య రెసిస్టెన్స్ చూస్తే కొద్ది ఓమ్‌లే చూపించింది. హీటర్ తెగితే అసలేమీ చూపించదు. తర్వాత సూది పొడవు వెర్నియర్‌తో కొలిచి, రెండు వైర్లనీ బండి బ్యాటరీకి కలిపి, బల్ల మీద పెట్టి చూస్తూ కూర్చున్నాను. మొదటి నిమిషం కదలికేమీ లేదు. డబ్బా చేతికి వెచ్చగా తగిలింది. ఆ తర్వాత కంటికి తెలియనంత నెమ్మదిగా ఇత్తడి సూది ముందుకు జరగడం మొదలైంది. ఐదో నిమిషానికి ఆగింది. మళ్ళీ కొలిస్తే 4 మిల్లీమీటర్ల పైచిలుకు సాగింది. వైర్లు తీసేస్తే చల్లారుతూ వెనక్కి వెళ్ళింది. సూది ఎక్కడా పట్టెయ్యలేదు, కొస మీద అరుగుదల లేదు. డబ్బా శుభ్రంగా పనిచేస్తోంది.

అయితే కరెంటు రావట్లేదన్నమాట. దీన్ని కొలిచేటప్పుడు జాగ్రత్త. ఈ బండిలో ఆటోచోక్‌కి వచ్చేది బ్యాటరీ కరెంటు కాదు, ఆల్టర్నేటర్ నుంచి నేరుగా వచ్చే ఏసీ. మల్టీమీటర్ డీసీలో పెట్టి చూస్తే వైరు బాగున్నా సున్నా దగ్గరే కొట్టుకుంటుంది. ఏసీలో పెట్టి, ఇంజన్ నడుస్తుండగా చూశాను. డబ్బా వైపు సాకెట్లో సున్నా. వెనక్కి వెళ్ళాను. దారిలో తెల్ల పింగాణీ రెసిస్టర్ ఒకటుంటుంది, బండి నడుస్తున్నప్పుడు అది చుర్రుమనేంత వేడెక్కాలి. ఇది చల్లగా ఉంది. దాని ముందు కొలిస్తే 12 వోల్టుల దగ్గర ఆడుతోంది. దాని తర్వాత కూడా వస్తోంది. అంటే రెసిస్టర్‌కీ, డబ్బాకీ మధ్యలో తెగింది.

సైడ్ ప్యానెల్ తీస్తే దొరికింది. బుల్లెట్ కనెక్టర్ ప్లాస్టిక్ తొడుగులో పచ్చగా చిలుము పట్టి, క్రింప్ దగ్గర రాగి తీగలు ఒక్కటీ మిగల్లేదు. తొడుగు వైరుని పట్టుకుని ఉండటంతో బయటికి బాగున్నట్టే కనిపిస్తోంది. చక్రం నుంచి ఎగిరే వాన నీళ్ళు సరిగ్గా అక్కడికే పడతాయి.

అదే రోజు, ఇంజన్ ఆగిపోయింది

కనెక్టర్ బాగుచెయ్యడానికి ముందు అసలు నేరం దీనిదేనా అని రుజువు కావాలి. డబ్బాని కార్బురేటర్‌కి బిగించి, దాని వైర్లకి బ్యాటరీ నుంచి నేరుగా జంపర్ వైర్లు ఇచ్చాను. మిగతా ఏదీ ముట్టుకోలేదు. ఇంజన్ వేడి మీదే ఉంది, స్లోలో నడుస్తోంది.

ప్లగ్గు వైరు చుట్టూ చుట్టే చిన్న టాకోమీటర్ పెట్టాను. మొదట్లో 1300 దగ్గర గునుస్తూ ఉంది. రెండు మూడు నిమిషాలకి గునుపు తగ్గింది, శబ్దం సాఫీ అయింది, సైలెన్సర్ దగ్గర ఘాటు వాసన పోయింది. తర్వాత ఆర్‌పీఎం జారడం మొదలెట్టింది: 1200, 1000, 800. ఒక్కసారి దగ్గి ఆగిపోయింది.

ఇది చూసి ఆటోచోక్ మూసుకుంటే బండి ఆగిపోతోంది, పాత స్థితే నయం అనుకునేవాళ్ళుంటారు. నిజానికి రుజువు ఇంతకన్నా గట్టిగా దొరకదు. ఆటోచోక్ దారిలోంచి పెట్రోలుతో పాటు గాలీ వస్తుందని ముందే రాశాను. అది ఎప్పుడూ తెరిచి ఉంటే స్లో పెరుగుతుంది, మిక్చర్ రిచ్ అవుతుంది. ట్యూనింగ్ చేసినవాళ్ళు స్లో స్క్రూని పూర్తిగా వెనక్కి తిప్పి బటర్‌ఫ్లైని మూసేశారు, మిక్చర్ స్క్రూని బిగించి పెట్రోలు తగ్గించారు. చోక్ దారి తెరిచి ఉన్నంతకాలం ఇంజన్ ఆ దారి మీదే బతికింది. దాన్ని మూయగానే ఇంజన్‌కి అటు గాలీ లేదు, ఇటు పెట్రోలూ లేదు.

మిక్చర్ స్క్రూని మెల్లగా, చుట్లు లెక్కపెడుతూ లోపలికి తిప్పాను. అరచుట్టు తిరగకుండానే అడుగు తగిలింది. మామూలుగా ఇలాంటి కార్బురేటర్లలో చుట్టున్నర నుంచి రెండున్నర దాకా బయటికి ఉండాలి. లోపం ఒకచోట, సర్దుబాటు ఇంకోచోట. నాలుగు రోజుల వైద్యమంటే ఇదే.

మిక్చర్ స్క్రూ గురించి ఒక మాట. దీన్ని అందరూ గాలి స్క్రూ అంటారు, అందరూ ఒకే దిక్కుకి తిప్పుతారు. అది ఎక్కడుందో చూడాలి. ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలిని అదుపుచేస్తుంది, లోపలికి తిప్పితే రిచ్. ఇంజన్ వైపు, బటర్‌ఫ్లై దాటాక ఉంటే అది పెట్రోలు మిక్చర్‌ని అదుపుచేస్తుంది, బయటికి తిప్పితే రిచ్. సీవీ కార్బురేటర్లలో మామూలుగా రెండో రకం. దిక్కు తెలియకుండా తిప్పితే జబ్బు పెంచినవాళ్ళమవుతాం.

ఆదివారం, కార్బురేటర్ బల్ల మీద

తెగిన కనెక్టర్ కత్తిరించి కొత్తది క్రింప్ చేసి, హీట్ ష్రింక్ స్లీవ్ వేసి వేడిచేసి మూశాను. పైకి తిప్పి కట్టాను, నీళ్ళు నిలవకుండా. ఖర్చు పదుల రూపాయల్లోనే.

ఇప్పుడు కార్బురేటర్ విప్పడానికి కారణం ఉంది: సగం నుంచి పైన మిగిలిన ఆ చిన్న బరువు. ఆరుబయట, పొయ్యికీ దీపానికీ దూరంగా, గిన్నెలో పెట్రోలు సీసాలోకి వంపుకున్నాకే బల్ల మీద పెట్టాను. పిస్టన్ స్లైడ్‌ని లేపే రబ్బరు డయాఫ్రమ్‌ని వెలుతురుకెత్తి చూస్తే చిల్లుల్లేవు. చూడకుండా వదలకూడని ఇంకో చోటు గాలి మూతి దగ్గరుండే సన్న ఇత్తడి రంధ్రాలు, ఎయిర్ జెట్లు. అవి దుమ్ముతో మూసుకుంటే పెట్రోలుతో గాలి సరిగా కలవక రిచ్ అవుతుంది. స్ప్రే కొడితే రెండింట్లోంచీ ధార వచ్చింది.

మెయిన్ జెట్ మీద 95 అని ఉంది. ఈ రకం జెట్ల మీద అంకె అంటే రంధ్రం వ్యాసం, మిల్లీమీటర్‌లో నూరో వంతుల్లో, సుమారుగా 0.95. అన్ని రకాలకీ ఇది వర్తించదు, కొన్నిటిలో అంకె పెట్రోలు ప్రవాహాన్ని చెబుతుంది. భూతద్దంలో చూస్తే రంధ్రం అంచు గుండ్రంగా లేదు, ఒకపక్క సన్నటి గీతలు. ఎవరో బ్రేక్ వైరు పోగుతో పొడిచి శుభ్రం చేశారు. 1.00 మి.మీ. డ్రిల్ బిట్ వెనక కాడ పెట్టి చూస్తే అడ్డం లేకుండా దూరింది. 0.95 నుంచి 1.00కి పెరిగితే ఏముందిలే అనిపిస్తుంది. పెట్రోలు పోయేది వైశాల్యంలోంచి, వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే 11 శాతం ఎక్కువ. జెట్ మెత్తటి ఇత్తడి, ఉక్కు తీగ దానికి శత్రువు. స్ప్రేతో, గాలితో పోకపోతే నానబెట్టాలి గానీ పొడవకూడదు.

కొత్త జెట్ వెంటనే వెయ్యలేదు. ముందు ఆటోచోక్ ఒక్కటే సరిచేసి నడిపితే ఎంత మారుతుందో తెలియాలి. రెండూ ఒకేసారి మారిస్తే ఏది ఎంత తెచ్చిందో ఎప్పటికీ తెలియదు. పాత జెట్ తిరిగి బిగించి, ఓరింగులు మార్చి మూసేశాను.

స్లో సెట్టింగ్: ఇంజన్ పూర్తిగా వేడెక్కి, ఆటోచోక్ మూసుకుందని రెసిస్టర్ వేడి చూసి నిర్ధారించుకున్నాక, మిక్చర్ స్క్రూ రెండు చుట్లు బయటికి, స్లో స్క్రూ ఇంజన్ నిలిచేంత. అక్కణ్ణుంచి మిక్చర్ స్క్రూని కొద్దికొద్దిగా తిప్పుతూ ఆర్‌పీఎం అన్నిటికన్నా ఎక్కువ చూపించిన చోటు పట్టుకుని, అక్కణ్ణుంచి పడటం మొదలయ్యేదాకా లోపలికి, మళ్ళీ కాస్త వెనక్కి. చివరికి ఒకటీ ముప్పావు చుట్ల దగ్గర స్థిరపడింది. స్లో స్క్రూతో 1600 పెట్టాను. బటర్‌ఫ్లై మీద ఇప్పుడు ఇంజన్ తన సొంత గాలితో నడుస్తోంది.

బంకు దగ్గర పొల్యూషన్ చెక్

ఇంట్లో గ్యాస్ ఎనలైజర్ ఉండదు. ఊళ్ళో ప్రతి పొల్యూషన్ చెక్ సెంటర్లోనూ ఉంటుంది. సర్టిఫికెట్ కోసం మాత్రమే కాక, కార్బురేటర్ సెట్ చేసుకోవడానికి కూడా అదొక్కటే మనకి అందుబాటులో ఉన్న నిజమైన కొలత. రిచ్ బండి పొగలో కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది, ఎందుకంటే కార్బన్ పూర్తిగా కాలడానికి ఆక్సిజన్ చాలదు. 2000 మార్చి తర్వాత తయారైన ఈ తరం ఫోర్‌స్ట్రోక్ బళ్ళకి స్లోలో 3.5 శాతం పరిమితి. పనికి ముందు కొలిపించిన కాగితంలో 6 దాటి ఉంది. ఇప్పుడు 1.8. ఆ అంకె చూశాక కలిగిన తృప్తి మామూలుది కాదు.

మైలేజీ ట్యాంకు నిండా కొట్టించి, మళ్ళీ నిండా కొట్టించే లెక్కలో, స్కూలు దారిలోనే కొలిపించాను: 38. వేడి మీద సెల్ఫ్ ఒక్క నొక్కుకే అందుకుంటోంది. ప్లగ్గు తీస్తే ఎలక్ట్రోడ్ వైపు శుభ్రపడింది, పింగాణీ అడుగున మాత్రం నలుపు ఉంగరం మిగిలి ఉంది. ఎక్కువ వేగంలో ఇంకా కాస్త రిచ్ అని దానర్థం.

జెట్ మార్చాక

అసలు కంపెనీ 95 జెట్ తెప్పించి వేశాను. దానిలో 1.00 కాడ దూరలేదు. కాలవగట్టు మీద 55, 60లో పోతుంటే ఆ బరువు పోయింది, యాక్సిలరేటర్ ఇవ్వగానే పికప్ అందుకుంటోంది. కొన్ని రోజుల తర్వాత ప్లగ్గు చూస్తే పింగాణీ లేత గోధుమరంగులో ఉంది. సీసం లేని పెట్రోలుకి ముదురు రంగు రాదు కాబట్టి, పైభాగం తెల్లగా ఉందని కంగారుపడక, లోపలికి చూసి అడుగున సన్న ఉంగరం ఉందా లేదా అన్నదే లెక్కలోకి తీసుకోవాలి. మైలేజీ 42, 43 మధ్య నిలిచింది. ఇథనాల్ పోగొట్టే వాటా తీసేస్తే ఇది పాత 45కి సరిసమానమే.

ఇంజన్ ఆయిల్ ఇప్పుడు మార్చాను. పాతది వంపితే నీళ్ళలా జారింది. వారం తర్వాత డిప్‌స్టిక్ వాసన చూస్తే పెట్రోలు లేదు.

పిన్ని బండి తీసుకెళ్ళేటప్పుడు ఒకటే అడిగింది: "మళ్ళీ ఎవరైనా ట్యూనింగ్ అంటే ఏం చెప్పన్రా?" ఒక చీటీ రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, సీటు కింద ఆర్‌సీ పక్కన ఉంచాను. ఆటోచోక్ కరెంటు ఏసీ, మీటర్ ఏసీలోనే పెట్టాలి. రెసిస్టర్ వేడెక్కకపోతే ముందు కనెక్టర్ చూడాలి. మిక్చర్ స్క్రూ ఇంజన్ వైపుది, బయటికి తిప్పితే రిచ్, ఒకటీ ముప్పావు చుట్లు. స్లో 1600. మెయిన్ జెట్ 95, తీగతో పొడవద్దు.

ఇంకా మిగిలినవి: మ్యానిఫోల్డ్ రబ్బరు మీద పైపైన సన్న పగుళ్ళున్నాయి, గాలి ఇంకా లాగట్లేదు గానీ వర్షాలు మొదలయ్యేలోపు మార్చాలి. పెట్రోలు పైపు గట్టిపడింది, దాని బదులు ఇథనాల్‌కి తట్టుకునే రకం చెప్పి పెట్టాను. అది రాగానే రెండూ కలిపి ఒకే పూట వేసేస్తా.